గుర్రపుశాల వెనక గోడ

తమ్ముడూ,

ఆశీస్సులు. క్షేమంగా చేరావని మీ ఆవిడ చెప్పింది. ఫోన్లో అడిగితే నవ్వేసి తప్పించుకుంటావు, అందుకే ఉత్తరం.

మహమ్మారి నేర్పిన బుద్ధితో, మందులకూ టీకాలకూ ఇక ఏ పరాయి దేశం గుమ్మం ముందూ నిలబడకూడదని ప్రభుత్వం కొత్త విధానం రాయిస్తోందనీ, రాసేవాళ్ళలో నువ్వూ ఉన్నావనీ పత్రికలో చూసి పొంగిపోయాను. ఎంత పిలిచినా రానివాడివి ఆ మర్నాడే దిగావు. నన్ను చూడ్డానికే అనుకున్నాను, పిచ్చిదాన్ని. టీ చల్లారిపోతున్నా నేను పనిచేసే ప్రభుత్వ సంస్థ గురించి ఒకటే ఆరా. "గుర్రాలకి అంత స్థలం ఎందుకక్కా? వెనక గోడ ఎంత దూరం ఉంటుంది?" పాముకాటు మందు ఆ గుర్రాల నెత్తురులోంచే తీస్తామని, వాటి వైద్యురాలిగా నేను చెబుతూనే ఉన్నాను. శాలకి తీసుకెళ్ళి చూపిస్తే నువ్వు ఒక్క గుర్రాన్నీ నిమరలేదు. గోడని మాత్రం ఫోటో తీసుకున్నావు.

నిన్న టేపులు పట్టుకుని కొలిచేవాళ్ళు వచ్చారు. గుర్రపుశాల స్థలంలో ఏదో కంపెనీ టీకాల ఫ్యాక్టరీ కడుతుందట. మా డైరెక్టరు అదోలా చూసి, "మీ తమ్ముడుగారికి తెలియకుండా ఉంటుందా మేడమ్?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పు. నా వంటింట్లో కూర్చునే మా కొంప ముంచావా?

నీ అక్క


అక్కా,

నీ ఉత్తరం అందింది. నీ అనుమానం సగం నిజం. ఆ స్థలం ఫ్యాక్టరీకి ఇవ్వాలన్నది నేను మీ ఊరు రాకముందే ఖాయమైంది. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. టీకాల కోసం పరాయి విమానాల వైపు చూస్తూ కూర్చున్న రోజులు మర్చిపోలేను. ఫ్యాక్టరీ రావాల్సిందే. కానీ అక్కడ ఇప్పుడేముందని అడిగితే అందరూ "పాత షెడ్లు" అన్నారు. ఆ మాట నమ్మబుద్ధి కాక వచ్చాను. గుర్రాలని చూశాక, నీకేమీ చెప్పకుండా గోడని ఫోటో తీసుకుని వచ్చేశాను.

తిరిగొచ్చి, పాముకాటు మందు మీరు చేస్తారా అని కంపెనీలవాళ్ళని అడిగాను. "అందులో ఏం మిగులుతుంది సార్?" అని నవ్వారు. ఫోటో చూపించి, వెనక గోడ వైపు ఫ్యాక్టరీ, ముందు గుర్రాలు ఉండొచ్చని పోట్లాడాను. గుర్రపుశాల కొనసాగాలనే వాక్యం ముసాయిదాలో పెట్టించాను. పంపుతున్నాను, చూడు. ముందే చెబితే మీ ఆఫీసంతా చాటేదానివి. అక్క కోసం చేశాడనేవారు.

నీ తమ్ముడు


తమ్ముడూ,

చదివి ఏడ్చాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. "గుర్రపుశాలను సాధ్యమైనంతవరకు కొనసాగించాలి." ఆ "సాధ్యమైనంతవరకు" ఎవరు దూర్చారు? నువ్వా, నవ్విన ఆ కంపెనీవాళ్ళా? ఇన్నేళ్ళ ప్రభుత్వోద్యోగంలో ఆ మాట పక్కన పెట్టుకుని బతికి బట్టకట్టింది ఒక్కటీ చూడలేదు నేను.

నిన్ను అనుమానించినందుకు మనసు చివుక్కుమంటోంది. ఆ మాటని అనుమానించడం మాత్రం మానను. ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు వినే సభ సోమవారం కదా, వస్తున్నాను. స్టేషన్‌కి రాకు, ఇద్దర్నీ కలిపి చూస్తే నీ మాట చెల్లదు. నేను లేచి అడుగుతాను. నువ్వు నేనెవరో ఎరగనట్టు కూర్చుని, ఆ ఒక్క మాటా కొట్టేయించు. ఆ మాట పోతే మీ ఇంట్లో భోజనం చేస్తాను. ఉంటే అటునుంచి అటే రైలెక్కేస్తాను.

నీ అక్క