మూడుసార్లూ ఒకేలా

ఫిబ్రవరి 3
నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, క్షమించాలి. ఏడో తరగతితో బడి మాన్పించారు. ఎవరి చేతికైనా చిక్కితే కాల్చేయండి.

పెళ్ళై రెండేళ్ళు. కడుపు పండలేదని అత్తయ్య నన్ను ఆస్పత్రిలో ఏదో పరిశోధనకి చేర్పించింది. ఇది పిల్లలు పుట్టించే వైద్యం కాదమ్మా అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. పరీక్షలు ఉచితం అన్న మాట దగ్గరే అత్తయ్య ఆగిపోయింది.

ఫారం నింపేటప్పుడు, గర్భం రాకుండా మాత్రలేమైనా వాడుతోందా అని అడిగారు. అబ్బే, పిల్లల కోసమేగా మా తిప్పలు అని అత్తయ్యే చెప్పేసింది. నేను తలూపాను.

మాత్రల పట్టీ కుట్టుమిషన్ సొరుగులో ఉంది. ఎందుకంటే చెప్పలేను. ఇంకా వద్దు, అంతే. అత్తయ్యకి తెలిస్తే పుట్టింటికి సామాను సర్దుకోవాల్సిందే. కాల్చేయండి.

ఫిబ్రవరి 8
నెలసరి ఐదో రోజు. మొదటి శాంపిల్. చిన్న బ్రష్ లోపల తిప్పి తీశారు. నొప్పి లేదు, సిగ్గే. సీలింగ్ పలకలు ముప్పై రెండు.

ఫిబ్రవరి 16
రెండోది. ఇన్నిసార్లు ఎందుకని డాక్టరమ్మని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు, ఆవిడకి వినపడింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాల్లో జీన్లుంటాయట. నెలలో రోజును బట్టి కొన్ని లేచి పనిచేస్తాయట, కొన్ని పడుకుంటాయట. మా ఇంట్లో రోజేదైనా లేచేది నేనే.

ఫిబ్రవరి 25
మూడోది. అయిపోయింది.

మే 11, సాయంత్రం
రిపోర్టుకి రమ్మన్నారు. నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. దానికేం తెలుసు, నాకు చెప్పండి అంది అత్తయ్య. డాక్టరమ్మ తలుపు వేసేసింది.

మిగతా ఆడవాళ్ళ జీన్ల పని రోజులతోపాటు మారిందట. నావి మూడుసార్లూ ఒకేలా పనిచేశాయట. మాత్రలు వాడేవాళ్ళలోనే ఇలా చూశాం, వాడుతున్నావా అని అడిగింది. అవునన్నాను. నేను నోరు మూసుకున్నా కణాలు మూసుకోలేదు. ఆవిడ తిట్టలేదు. నీ శాంపిళ్ళు పక్కన పెట్టేస్తాను, ఇంట్లో చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం అంది.

బస్సు దిగాక అత్తయ్య, నీలో లోపమేంటో చెప్పు, మావాడి సంగతి నేను చూసుకుంటా అంది.

మే 12
దుప్పటి పిండుతూ చెప్పేశాను. లోపం లేదు, మాత్రలు మింగుతున్నాను అని. రెండో కొస అత్తయ్య చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశావా అంది. అవునన్నాను. కొస వదల్లేదు. పిండడం పూర్తిచేశాం.

కాల్చమని ఇక రాయను.

మే 15
లోపమేంటట అని మా ఆయన అడిగారు. ఏమీ లేదట, నీ పని నువ్వు చూసుకో అని అత్తయ్య కసిరింది. నా వైపు చూడలేదు.

మే 19
అత్తయ్యకి తొమ్మిది కాన్పులు. మిగిలింది ముగ్గురు. ఇవాళ వచ్చి నా పక్కన కూర్చుని, మా రోజుల్లో ఉండేవా ఆ మాత్రలు, అని అడిగింది.
తెలీదన్నాను.