కాలవ వంతెన మీద కొండెక్కడం

తణుకు

ప్రియమైన తబితకి,

ప్రభువు కృపవల్ల నేను క్షేమం. నీ ఉత్తరం అందింది. "మూడేళ్ళుగా ఈ కొండమీద బడిలో పాఠాలు చెబుతున్నా మీరొక్కసారీ రాలేదు, నాకసలు మొగుడున్నాడా అని మా హెడ్‌మేడమ్ సంపూర్ణమ్మగారు అడుగుతున్నారు" అని రాశావు. ఉన్నాడని చెప్పు. బస్సులో రెండో మలుపుకే కండక్టర్ చొక్కా మీద వాంతి చేసుకుని, దిగి వెనక్కి నడిచొచ్చాడని మాత్రం చెప్పకు.

ఉపాయం దొరికిందే. సైకిల్ తొక్కేవాడికి వాంతులు రావట! గేర్ల సైకిల్ కొన్నాను. మన పెళ్ళిరోజుకి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు తొక్కుకుంటూ వచ్చేస్తాను. మనూళ్ళో కొండల్లేవు కాబట్టి కాలవ వంతెన మీద సాధన చేస్తున్నాను. తొక్కుతూ ఎక్కుతాను, నడిపించుకుంటూ దిగుతాను, మళ్ళీ ఎక్కుతాను. చెరకు ట్రాక్టర్లవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

నీ
యెహెజ్కేలు

—

మారేడుమిల్లి కొండమీద నుంచి

ప్రియమైన మా వారికి,

ఇక్కడ సిగ్నల్ రాకపోవడమే మంచిదైంది. గేర్ల సైకిల్ సంగతి ఫోన్లో చెప్పి ఉంటే నా నోటికి అడ్డుండేది కాదు. వంతెనా, ఘాట్ రోడ్డూ ఒకటి కాదండీ. ఇక్కడ మలుపు తిరిగితే ఇంకో మలుపుంటుంది. ఎక్కడం సరే, వంతెన నడిచి దిగడమేంటి?

నవ్వుతూనే రాస్తున్నానుగానీ, మీరు వస్తున్నారని బడంతా చెప్పేసుకున్నాను. నా గది, పొద్దున్నే కిటికీలోంచి కనిపించే మంచు, నా బడిపిల్లలు, ఇవన్నీ మీరు చూడాలని నాకెంత కోరికో మీకు తెలీదు. ఈసారీ రాకపోతే ఇంకెప్పుడూ అడగనండి.

మీ
తబిత

—

తణుకు

ప్రియమైన తబితకి,

అలా రాయకు, అన్నం సహించలేదు. తప్పకుండా వస్తాను. చంద్రరావు సైకిల్ షాపులో క్యారియర్ వేయించి, దానికి బియ్యం బస్తా కట్టుకుని మరీ వంతెన ఎక్కుతున్నాను. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేశారు. నవ్వినవాళ్ళెవరో గుర్తుపెట్టుకున్నాను.

దిగడం అంటావా? వంతెన దిగువన మేకలు అడ్డొస్తాయని నడుస్తున్నాను, అంతే. అయినా దిగడానికేముందే, సైకిలే దింపుతుంది.

నీ
యెహెజ్కేలు

—

ప్రియమైన తబితకి,

ఇది తణుకు నుంచి కాదు, కొండమీద నీ గదిలోంచి రాస్తున్నాను. కంగారుపడకు, దెబ్బలేం తగల్లేదు.

పెళ్ళిరోజున బడి ముందు సైకిల్ దిగి, "నేనేనండి మొగుణ్ణి" అని సంపూర్ణమ్మ మేడమ్ ఎదుటే కూలబడ్డాను చూడు, నా ధైర్యమంతా అక్కడితో సరి. నువ్వు రాజమండ్రి ట్రైనింగుకి బస్సెక్కిన రోజు, నీకన్నా ముందే సైకిల్ మీద బయల్దేరానా? మొదటి మలుపులో కిందకి చూశాను. అమ్మో, లోయ! మన డెల్టాలో పల్లమంటే వరిచేనే కదా తబితా. బ్రేకులు రెండూ బిగబట్టి నిలబడిపోయాను. నీ బస్సు వచ్చేసరికి చెయిన్ తుడుస్తున్నట్టు నటించాను. నువ్వు చూడలేదనుకుంటా. ఆ తర్వాత మళ్ళీ పైకే తొక్కేశాను. అదృష్టం కొద్దీ నువ్వు గది తాళంచెవి మేడమ్ దగ్గర మర్చిపోయావు.

బస్సెక్కితే వాంతులు, సైకిలెక్కితే లోయ. జ్వరమని ఆఫీసుకి సెలవు రాశాను, ప్రభువు క్షమించాలి. పొద్దున్న కిటికీ తీస్తే మంచు గదిలోకి వచ్చేసింది. మూడేళ్ళు దీన్ని ఒక్కదానివే చూశావు. నా మీద నాకే కోపమొచ్చింది.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?

దిగలేని
నీ యెహెజ్కేలు

—

రాజమండ్రి

ప్రియమైన మా వారికి,

మీ ఉత్తరం క్లాసులో చదివి పకపకా నవ్వితే, ట్రైనింగిచ్చే ఆయన నన్ను లేచి నిలబడమన్నారు.

మిమ్మల్ని చూశానండి. కిటికీ పక్కనే కూర్చున్నాను. పెళ్ళిరోజుకి నేనిచ్చిన కొత్త కండువాతో చెయిన్ తుడుస్తున్నారు. "మీ ఆయనే కదా మేడమ్, ఆపమంటారా?" అన్నాడు కండక్టర్. ఆపితే సిగ్గుపడి ఎలాగోలా దిగిపోతారు. ఆపకపోతే కొండమీదే ఉండిపోతారు అనుకున్నాను. "పోనివ్వండి" అన్నాను.

తాళంచెవి మర్చిపోలేదు. కాలవ వంతెనే నడిచి దిగే మనిషి ఘాట్ రోడ్డేం దిగుతాడని, బస్సెక్కేముందే మేడమ్ చేతిలో పెట్టాను.

శనివారం వస్తున్నాను. మీ సెలవయ్యాక ఇద్దరం కొండ నడిచి దిగుదాం. సైకిల్ మీరు పట్టుకోండి, టిఫిన్ నేను పట్టుకుంటాను. ఈలోగా ఆ కండువా ఉతికి పెట్టండి.

మీ
తబిత