వాగులో పడ్డ కోళ్లగూడు

బలరాం బావకు,

దండాలు తర్వాత, ముందు తిట్లు చదువు. మిర్చిచేను గట్టును వాగు కోసేస్తోందని, ఫోన్లో వీడియోలు చూసి, చేతులు గీసుకుపోతున్నా ఇనుపతీగతో పెద్ద బుట్ట అల్లాను. రాళ్లు నింపి వాగులో పెడితే నీటి ఉరవడి పక్కకు మళ్లుతుంది. నువ్వేమో దాన్నెత్తుకుపోయి కోళ్లగూడు చేశావు! అడిగితే, "రాళ్లకు గింత మంచి ఇల్లెందుకురా?" అన్నావు.

మొన్నటి వానకు నీ పెరటి గట్టే విరిగి, గూడు కోళ్లతో సహా కొట్టుకొచ్చి మా చేను దగ్గర ఇరుక్కుంది. కోళ్లను దింపి రాళ్లు నింపాను. వాగు బుద్ధిగా పక్కకు మళ్లింది.

పెట్టలు నా మంచమెక్కి కూర్చున్నాయి, తీసుకుపో. నీ గట్టుకూ బుట్ట కావాలంటే పినపాక నుంచి తీగ తెచ్చుకో, అల్లిస్తాను. పుంజు కోసం మాత్రం వెతకకు. ఈ ఉత్తరం తెచ్చిన అక్కనడుగు, కూర ఎట్లుందో చెప్తుంది.

నీ బామ్మర్ది