తెల్ల పిట్టగూటి మీద దుమ్ము

బావా, అన్నం గిన్నెల ఉన్నది, పచ్చిపులుసు పక్కనే పెట్టిన. జల్ది తిని నా దోస్తు తస్లీమ వాళ్ల క్వార్టర్ కాడికి రా. సామాన్లు కట్టనీకి నేను ముందు పోతున్న. పొద్దుగూకక ముందే వాళ్ల లారీ మందమర్రికి పోతదట.

తస్లీమకు ఇద్దామని కబాడీ దుకాణంల తెచ్చి రంగులేసిన పిట్టగూళ్లు రెండూ మంచం కింద ఉన్నయ్, వచ్చేటప్పుడు పట్టుకరా. తెల్లది ఆరింది. నీలందాని మీది పూలు ఇంకా తడిగనే ఉన్నయ్, పేపర్ చుట్టకు, తీగ పట్టుకొని తే. ఆరుతదని బయట మాత్రం పెట్టకు.

ఇయ్యాల నీలందాన్ని నేనే గోడ మీద ఆరబెట్టిన. ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయింది. కొంచెం సేపటికి పోయి చూస్తే రంగు మీద అంతా నల్ల దుమ్ము. తుడిచి మళ్లా వేసిన. నిన్న తెల్లదాని మీద పడ్డది గూడ గదే దుమ్ము, బావా. నువ్వు ముట్టనే లేదు.

"బొగ్గు చేతులతోటి ముట్టి నా దోస్తుకిచ్చే గూడును ఖరాబు చేసినవ్" అని మీ షిఫ్టోళ్ల ముందట మొత్తుకున్న. ఆ చేతుల కష్టమే తింటున్న, గా మాట నా నోట్ల ఎట్ల వచ్చిందో. నీ ముందట చెప్పే మొఖం లేక రాసి పోతున్న. మీ షిఫ్టోళ్లకు నేనే చెప్త.

యమున

బొగ్గుబాయి కాడనే తానం చేసి వచ్చినవ్ నిన్న. నేను గట్ల అన్నంక నల్లా కాడికి పోయి, సబ్బు పెట్టి మళ్లా చేతులు కడుక్కున్నవ్. నేను చూసుకుంటనే నిలబడ్డ.