లాంఛనం

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే తలుపు తీస్తే సూపర్‌వైజర్! అమ్మ పనిచేసే లాండ్రీ నుంచి ఎవరైనా మా ఇంటికి రావడం ఇదే మొదలు. చేతిలో ఆపిల్స్ కూడా. లాండ్రీని కొత్త ఓనర్ కొన్నాడట. అందరూ కొత్త మెషిన్‌లో వేలిముద్ర వేయాలట. అమ్మ ఆపరేషన్ అయి సెలవులో ఉంది కదా, అందుకే మెషిన్‌ని తనే జేబులో పెట్టుకుని తెచ్చాడట. ఉత్త లాంఛనమేనమ్మా అన్నాడు.

లాంఛనం! ఎంత బాగుందో మాట. చిన్న గంట కొట్టినట్టు.

కానీ మెషిన్ అమ్మ వేలిని తీసుకోలేదు. తుడిచి పెట్టినా, ఊది పెట్టినా ఎర్ర లైటే. ఇన్నేళ్ళూ ఆస్పత్రి దుప్పట్లు బ్లీచ్‌లో ముంచీ ముంచీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. అయితే దొంగతనం చేసినా దొరకనన్నమాట అని అమ్మ కుట్లు అదిమి పట్టుకుని మరీ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంట్లో రెస్టే కదా, గీతలు వాటంతటవే వస్తాయి, మళ్ళీ వస్తానన్నాడు.

జూన్ 5

లాంఛనానికి డిక్షనరీలో ఇంకో అర్థం ఉంది. గుర్తు. మచ్చ.

జూన్ 9, సోమవారం

లాండ్రీలో ఇస్త్రీ చేసే పక్కింటి పిన్ని ఏడుపు మొహంతో వచ్చింది. ఆవిడ వేలు మెషిన్ ఒక్క దెబ్బకి తీసుకుంది. ఇవాళ పాపకి జ్వరమని సెలవడిగితే, నువ్వు వేలు పెట్టిన రోజునే కొత్తగా చేరినదానివి, మొదటి ఏడాది సెలవుల్లేవు అన్నారట. మరి నా పాత సర్వీసో అంటే, పాత ఓనర్‌ని అడుక్కోమన్నారట. వేలు పెట్టనన్న వాళ్ళని పని మానేసినట్టు రాసేసుకున్నారట. అక్కా, వేలు పెట్టావో, నీ రెండో ఆపరేషన్‌కి నీళ్ళొదులుకోవడమే అంది.

అది వచ్చే నెలే. సెలవు పోతే అమ్మ పనికెళ్ళాలి. తడి దుప్పట్లు ఎత్తితే లోపలి కుట్లు తెగుతాయని డాక్టర్ ముందే చెప్పింది.

అమ్మ నవ్వలేదు.

జూన్ 10

కాలేజీ ఎగ్గొట్టి లేబర్ ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసర్ మేడం అంతా విని, లాండ్రీ కొన్నవాడికి మెషిన్లతో పాటు మనుషులూ వస్తారు, వాళ్ళ సర్వీసూ వస్తుంది, ముందే ఇచ్చిన సెలవూ వస్తుంది అంది. అంటే కొత్త ఓనర్ పాతవాడికి వారసుడట! ఈ మాట ఇన్నాళ్ళూ రాజుల కథల్లోదే అనుకున్నా. బస్సులో దారి పొడుగునా నోట్లో వేసుకుని చప్పరించాను.

కానీ అమ్మే కొత్తగా చేరినట్టు వేలిముద్ర పడిందా, దాన్ని చెరపడానికి ఏళ్ళు పడుతుందట. మేడం శుక్రవారం స్వయంగా లాండ్రీ తనిఖీకి వస్తుంది. అప్పటిదాకా కాదనకండి, ముద్ర పడనివ్వకండి అంది. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో చెప్పలేదు.

జూన్ 11, బుధవారం, మధ్యాహ్నం

సూపర్‌వైజర్ ఫోన్. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. గీతలొచ్చాయా అన్నాడు. రేపు ఎనిమిదింటికల్లా వస్తాడట.

సాయంత్రం

అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చెయ్యి వెలుగులో పెట్టి చూశాను. వచ్చేశాయి. సన్నగా, చుట్లు చుట్లుగా, ఎంత ముద్దొస్తున్నాయో. అమ్మ కోలుకుంటోంది.

తను కూడా చాలాసేపు చూసుకుంది. రేపు ఆయన రాకముందే లేచి, మగ్గులో బ్లీచ్ పొయ్యమంది.

నీళ్ళు కలపొద్దంది.