పెట్టె బరువు

ఇబ్రహీంపట్నం నుండి

మా అక్కకు తమ్ముడు మల్లయ్య దండం పెట్టి రాయునది. నేను ప్రాణంతో ఉన్నాను, ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? ఈ ఉత్తరం బావ చేతనే చదివించుకో, బడి పంతులు చేత వద్దు. ఎందుకో చదివాక నీకే తెలుస్తుంది.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. చెరువు నిండింది. రెండు పూటలా జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తింటున్నాను, ఫికర్ చేయకు. చిక్కిపోయావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. చిక్కాను అక్కా. జ్వరం వచ్చి కాదు, కావాలనే చిక్కాను.

నా మసూచి టీకాల నౌకరీకి గుర్రం ఉండి తీరాలని, దసరాలోగా చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారని నీకు రాశాను కదా. కొనే తాహతు నాకెక్కడిది? ఆ దిగులులో ఉన్నప్పుడు దస్తగిరి చాచా దొరికాడు. ఒకప్పుడు సర్కారు రిసాలాలో, అదే గుర్రపు దండులో, సవారీ చేసిన మనిషి. ఇప్పుడు ముసలివాడు, మోతీ అనే ఆడగుర్రం తప్ప ఆయనకు నా అన్నవాళ్లు లేరు. శుక్రవారం ఆయన దర్గాకు పోయి వస్తాడు, మిగతా రోజులు నేను ఎక్కాలి, మేత, మాలిష్ నా వంతు. ఇద్దరికీ ఒకే గుర్రం అన్నమాట.

నన్ను కిందికీ మీదికీ చూసి చాచా నవ్వాడు. “ఏం తిని పెరిగినవ్ ర? నా మోతీ బక్కది. రెండు మణుగులు, అంటే ఎనభై సేర్లు దాటితే మోయది” అని ఆముదాల సేటు దుకాణానికి తోలుకుపోయి, బస్తాలు తూచే కాంటా మీద కూర్చోబెట్టాడు. బజారంతా నవ్వింది. ఐదు సేర్లు ఎక్కువ తూగాను. తల్లి లేని పిల్లవాడని నువ్వు కలిపి పెట్టిన ముద్దలు ఊరికే పోతాయా మరి! నెలన్నర ఒంటిపూట తిన్నాను. మళ్లీ కూర్చుంటే ముల్లు సరిగ్గా నిలబడింది. “ఇగ నీది నాది ఒక్కటే గుర్రం” అని చాచా కళ్లెం నా చేతిలో పెట్టాడు.

కాంటా మీద నేను ఎక్కాను గాని నా పెట్టె ఎక్కలేదు. మందుల పెట్టె, గొంగడి, వంట గిన్నెలు కలిపితే పదిహేను సేర్లకు తక్కువ ఉండదు. చాచా దాని సంగతి అడగలేదు. ఇక్కడ సర్కారు మనిషి తన సామాను తాను మోయడు. ఊరూరా వెట్టివాడు నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా ఉరుకుతాడు. మొదట నేనూ అట్లాగే చేశాను. ఒకరోజు వెనక్కి తిరిగితే మోతీ వెంట ఉరుకుతున్న ముసలాయన కాళ్లు కనిపించాయి. మన బాపు ఈడువాడు. చెప్పుల్లేవు, మడమలు రాళ్లకు చీలి నెత్తురు కారుతోంది. పెట్టె దించి నా వెనక జీనుకు కట్టుకున్నాను. ఆ తర్వాత ఎవరి నెత్తినా పెట్టలేదు.

మంచి పనే చేశాననుకున్నాను. కాని చాచాకు చెప్పలేదు. చెబితే గుర్రం ఇవ్వడని భయం. ఇబ్రహీంపట్నం దగ్గర పడగానే దిగి, పెట్టె నేనే మోసుకుని వచ్చేవాణ్ణి. మోతీ ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోయేది. మెడ నిమిరి, జర ఓపిక పట్టు తల్లీ అని బతిమాలేవాణ్ణి.

పదిహేను రోజుల కింద యాచారం నుంచి వస్తుంటే, గుట్ట దిగుడులో తడిరాయి మీద దాని ముందుకాలు జారింది. నేను, పెట్టె, అంతా దాని మెడ మీదికే పోయాం. మోతీ కాలు విరిగింది. చాచా కబురు విని బండి కట్టించుకుని వచ్చేసరికి పెట్టె విప్పి దూరంగా పెట్టేశాను. అక్కా, అది మూలుగుతూ పడి ఉంటే నేను మొట్టమొదట చేసిన పని అదే. “నీకు దెబ్బ తాకిందా బిడ్డా?” అని ఆయన ముందు నన్నే తడిమి చూశాడు. మోతీ మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ ఆయన దాని పక్క నుంచి లేవలేదు.

నాలుగో రోజు నన్ను కచేరీకి తీసుకుపోయాడు. అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పు నాది సాబ్. గుర్రం ముసల్ది, గది తెలిసే ఇచ్చిన. పోరడు మంచోడు, బరువు కాడ ఒక్క సేరు దగా చెయ్యలే. కావాల్నంటే సేటును అడుగుండ్రి. వీని నౌకరీ తియ్యకుండ్రి.”

నేను పక్కనే ఉన్నాను. మరో గుర్రం దొరికేదాకా గడువు ఇచ్చారు. నా నౌకరీ నిలిచింది. బయటికి వచ్చాక చాచా నా రెండు చేతులూ పట్టుకుని, “మాఫ్ చెయ్యి బిడ్డా, ముసలి గుర్రాన్ని అంటగట్టి నీ పానం మీదికి తెచ్చిన” అన్నాడు.

చెప్పాలని రోజూ ఆయన గడపదాకా పోతున్నాను. తిన్నావా చాచా అని అడిగి తిరిగి వస్తున్నాను.

బావకు, పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు. పిల్లలను దగ్గరికి తీసుకుని మామ అడిగాడని చెప్పు. నాకు మాత్రం దీవెనలు పంపకు అక్కా. చాచాకు నిజం చెప్పానని రాసేదాకా పంపకు.

నీ తమ్ముడు
మల్లయ్య