ఫోటో కోసం పెసరపిండి

సిద్దిపేట, ఆదివారం, 1946

ఫోటోలో తెల్లగా పడాలని మా ఆయన ఇవాళ తన తోలు తానే ఊడదీసుకున్నాడు.

పెసరపిండిని పలుచని గుడ్డలో జల్లించి, పాలలో కలిపి, నూనె రాసుకున్నాక మెల్లగా రుద్దుకోవాలని నిన్ననే చెప్పాను. "ఆడోళ్ల ముచ్చట్లు నాకెందుకే?" అన్నాడు. రవ్వరవ్వగా ఉన్న పిండిలో నిమ్మరసం కలిపి, నూనె రాయని మొహాన్ని గిన్నె తోమినట్టు తోముకున్నాడు. మొహం మోదుగుపువ్వైంది. మొండితనం మాత్రం వదల్లేదు. ఆ మొహంతోనే నన్ను వెంటబెట్టుకుని ఫోటో దుకాణానికి నడిచాడు.

అక్కడి మనిషి తేరిపార చూసి, "పటేలా, ఎరుపు ఫోటోల నల్లగ పడుతది. మానినంక రాండ్రి" అన్నాడు. కొంగు అడ్డం పెట్టుకుని దారంతా నవ్వుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆరేళ్ల పిల్ల పెరట్లో కూర్చుని, మిగిలిన ఆ పిండితోనే మోచేయి రుద్దుకుంటోంది. దానిదీ నా నలుపు రంగే. చర్మం గీరుకుపోయి రక్తం ఊరుతోంది.

"గిదేం పని బిడ్డా?"

"తెల్లగున్నోళ్లే ఫోటోల కూసోవాల్నని బాపు అన్నడవ్వా."

పిండిని పెంటకుప్ప మీద పారబోశాను. ఈ మనిషిని ఎక్కడ పారబోయాలో...